సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, ఆచార్యుడు, పరిశోధనా సంస్థల నిర్వాహకుడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం, స్ఫటికాల సౌష్ఠవం ఈయన ప్రధాన పరిశోధనా రంగాలు. నోబెల్ బహుమతి గ్రహీత సి.వి.రామన్‌కు సన్నిహిత శిష్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడుగా, భారత రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశాడు. తెలుగు విద్యార్థి కాంతిని గురించి పరిశోధన చేయాలంటే కలకత్తాకో, విదేశాలకో పోవలసిన కాలంలో, ఆ పరిశోధనకు తెలుగు నేలపైనే చోటు కల్పించిన తొలి తరం శాస్త్రవేత్తలలో ఈయన ముఖ్యుడు.

బాల్యం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివాడు. హైదరాబాదు సంస్థానంలోనే ఉన్నప్పటికీ నిజాం కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అందుచేత అక్కడ బోధన ఇంగ్లీషులో జరిగేది. అదే నగరంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మాత్రం బోధన ఉర్దూలో ఉండేది. ఒకే ఊరిలో రెండు వేర్వేరు విద్యావిధానాలు నడుస్తున్న ఆ పరిస్థితిని విద్యార్థిగా చూసిన భగవంతం, తరువాతి కాలంలో ఉస్మానియాకే ఉపాధ్యక్షుడు కావడం విశేషం. ఎమ్మెస్సీ పట్టాను మద్రాసు విశ్వవిద్యాలయం నుండి పొందాడు.

ఆయన కృష్ణా జిల్లాకు, హైదరాబాదుకు నడుమ ఉన్న దారి కోదాడ, సూర్యాపేటల మీదుగా పోతుంది. ఆ కాలంలో అది రెండు రాజ్యాల సరిహద్దును దాటే దారి. కృష్ణా జిల్లా బ్రిటిషు పాలనలోని మద్రాసు రాష్ట్రానికి చెందినది కాగా, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ నిజాం పాలనలోని నల్గొండ జిల్లాకు చెందినవి. కోదాడకు, సూర్యాపేటకు మధ్యనున్న మునగాల పరగణా మాత్రం చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా కృష్ణా జిల్లాలో భాగంగానే ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతనే అది నల్గొండ జిల్లాలో కలిసింది.

కలకత్తాలో రామన్ వద్ద

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి.రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన రామన్ ఫలితాన్ని కనుగొన్నాడు. ఒకే రంగు కాంతిని ఒక ద్రవం గుండా పంపితే, చెదిరిన కాంతిలో అధిక భాగం అదే రంగులో ఉంటుంది. అత్యల్ప భాగం మాత్రం వేరే రంగులోకి మారుతుంది. అణువుల కంపనాలతో కాంతి శక్తిని ఇచ్చిపుచ్చుకోవడమే ఈ మార్పుకు కారణం. అందువల్ల చెదిరిన కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే అణువు నిర్మాణం ఎటువంటిదో తెలుసుకోవచ్చు. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది ఈ పరిశోధనకే.

భగవంతం 1928లోనే కలకత్తా చేరి, బౌ బజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థలో రామన్ బృందంలో చేరాడు. ఇరవై ఏళ్ళయినా నిండని ఆ యువకునికి అది ఆధునిక భౌతికశాస్త్రపు ముంగిట అడుగుపెట్టే అవకాశమైంది. నాఫ్తలీను స్ఫటికాల అయస్కాంత ధర్మాలపై ఆయన రాసిన వ్యాసాన్ని 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. వజ్రంలో రామన్ ఫలితాన్ని, వజ్రపు స్ఫటిక నిర్మాణంతో దానికి గల సంబంధాన్ని కూడా ఈ కాలంలోనే పరిశీలించాడు.

కలకత్తాలో జరిగిన పనిలో అత్యంత ప్రసిద్ధమైనది ఫోటాన్ స్పిన్‌కు సంబంధించిన ప్రయోగం. కాంతి చిన్న చిన్న శక్తి కణాలుగా ప్రయాణిస్తుందని, ఆ కణాలే ఫోటాన్లని అప్పటికే అంగీకరించారు. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఈ కణాలను లెక్కించే కొత్త పద్ధతిని ప్రతిపాదించాడు. ఆ లెక్కలో రెండు అనే గుణకం అవసరమైంది. ప్రతి ఫోటానుకూ తనదైన కోణీయ ద్రవ్యవేగం, అంటే స్పిన్, ఉండి అది రెండు దిశలలో ఒకదానిలో మాత్రమే ఉంటుందని భావిస్తే ఆ గుణకానికి అర్థం దొరుకుతుంది. దీనిని పరీక్షించడానికి రామన్, భగవంతం కలిసి, ద్రవాలలో చెదిరిన కాంతి ఎంత మేరకు ధ్రువణాన్ని కోల్పోతుందో జాగ్రత్తగా కొలిచారు. ఫోటానుకు స్పిన్ ఉన్నదని తమ ఫలితాలు తెలుపుతున్నాయని 1931-32లలో ప్రకటించారు. కాంతి కలిగించే మెలికను నేరుగా యాంత్రికంగా కొలిచిన ప్రయోగాన్ని అమెరికాలో బెత్ అనే శాస్త్రవేత్త 1936లో వెలువరించాడు.

రామన్‌కు పరిశోధన చేసి సంపాదించిన డాక్టరేటు లేదు. ఎం.ఏ. పూర్తిచేసి, ఆర్థికశాఖలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ప్రయోగశాలలో గడిపి శాస్త్రవేత్త అయిన వ్యక్తి ఆయన. ఆ ప్రయోగశాలలో పరిశోధన నేర్చుకునే తీరు కూడా అటువంటిదే. ఒక ప్రశ్నను ఎన్నుకోవడం, ఉన్న పరికరాలతోనే కొలవడం, వెంటనే రాసి ప్రచురించడం అక్కడి పద్ధతి. ఖరీదైన యంత్రాలు లేకున్నా మంచి ప్రశ్న, ఓపికగా చేసిన కొలత ఉంటే చాలునన్న ఈ పాఠం భగవంతం తరువాతి బోధనలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం

1926లో బెజవాడలో ప్రారంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలింది. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి ఉపాధ్యక్షుడు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళంతో అక్కడ శాస్త్ర, సాంకేతిక కళాశాల ఏర్పడింది. 1932లో భగవంతం ఆ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఉపన్యాసకుడుగా చేరాడు. 1930ల చివరికి ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆచార్యుడు, శాఖాధిపతి అయ్యాడు. కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. 1934లో రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో తొలి తరం సభ్యులలో ఈయన ఒకడు.

వాల్తేరుకు వచ్చేనాటికి అక్కడ పరిశోధనా సంప్రదాయం లేదు. గ్రంథాలయం, పరికరాలు, పరిశోధక విద్యార్థులు అన్నీ మొదటి నుండి సమకూర్చుకోవలసినవే. ఈ పరిస్థితిలో భగవంతం రెండు పనులు ఏకకాలంలో చేశాడు. ఒకవైపు తన పరిశోధనను కొనసాగిస్తూనే, మరొకవైపు విద్యార్థులకు ఉపయోగపడే ప్రామాణిక గ్రంథాలను రాశాడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాలపై ఆయన ఇంగ్లీషు గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. రెండేళ్ళకు అది అమెరికాలో కూడా ముద్రణ పొందింది.

సమూహ సిద్ధాంతం

భగవంతం పేరు భౌతికశాస్త్రంలో ఎక్కువగా నిలిచి ఉన్నది సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాలకు అన్వయించిన పని వల్ల. సౌష్ఠవం అంటే ఏమిటో వాకిట్లోని ముగ్గును చూసి తెలుసుకోవచ్చు. నాలుగు వైపులా ఒకే తీరుగా వేసిన ముగ్గును పావు వంతు తిప్పినా మొదటిలాగే కనిపిస్తుంది. మధ్యగీత దగ్గర మడిచినా రెండు సగాలు సరిపోతాయి. ఇటువంటి తిప్పుళ్ళను, ప్రతిబింబాలను ఒక జట్టుగా చేర్చి లెక్కించే గణితమే సమూహ సిద్ధాంతం. స్ఫటికాలలో పరమాణువుల అమరిక కూడా ఇలాంటి నియమాలకే లోబడి ఉంటుంది. వాటిని 32 వర్గాలుగా, మరింత సూక్ష్మంగా చూస్తే 230 అంతరాళ సమూహాలుగా విభజిస్తారు.

గణితవేత్త టి.వెంకటరాయుడుతో కలిసి భగవంతం 1939లో ప్రచురించిన వ్యాసం ఈ గణితాన్ని రామన్ వర్ణపటంతో ముడిపెట్టింది. ఒక స్ఫటికం నిర్మాణం తెలిస్తే, దానిలో ఎన్ని రకాల కంపనాలు సాధ్యమో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో గీతలుగా కనిపిస్తాయో, ఏవి పరారుణ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి రెండింటిలోనూ కనిపించవో కాగితం మీదనే చెప్పగలిగే పద్ధతిని వారు చూపారు. ఈ పద్ధతి ఇద్దరి పేర్ల మీదనే ప్రసిద్ధమైంది. ఈ విషయంపై ఇద్దరూ కలిసి రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఒక భౌతికశాస్త్రవేత్త, ఒక గణితవేత్త కలిసి పనిచేయడం వల్ల ఈ ఫలితం సాధ్యమైంది.

కాంతి, ఒత్తిడి, ధ్వని

గాజు వంటి పారదర్శక పదార్థాన్ని నొక్కితే దాని గుండా పోయే కాంతి తీరు మారుతుంది. ధ్రువణ ఫలకాల మధ్య ఉంచి చూస్తే, ఒత్తిడి ఎక్కడ ఎంత ఉన్నదో రంగుల చారలుగా కనిపిస్తుంది. కట్టడాల కమానులను, యంత్రభాగాలను పారదర్శక నమూనాలుగా తయారుచేసి, ఎక్కడ బలహీనమో ముందుగా తెలుసుకోవడానికి ఇంజనీర్లు ఈ పద్ధతిని వాడేవారు. స్ఫటికాలలో ఈ ధర్మాన్ని వర్ణించే సిద్ధాంతాన్ని 19వ శతాబ్ది చివరలో జర్మనీకి చెందిన పోకెల్స్ రూపొందించాడు. కొన్ని స్ఫటిక వర్గాల విషయంలో ఆ సిద్ధాంతంలోని గుణకాల పట్టికను సవరించవలసి ఉన్నదని భగవంతం 1942లో సమూహ సిద్ధాంతం సాయంతో చూపించాడు. సుమారు యాభై ఏళ్ళుగా ప్రామాణికంగా ఉన్న పట్టికను వాల్తేరు నుండి సరిదిద్దడం అప్పట్లో చిన్న విషయం కాదు.

అతిధ్వనుల సాయంతో స్ఫటికాల గట్టిదనాన్ని కొలిచే పని కూడా వాల్తేరులో జరిగింది. శిష్యుడు జె.భీమసేనాచార్‌తో కలిసి వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచి 1946లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఈ సంవత్సరాలలో రెండవ ప్రపంచ యుద్ధం విశ్వవిద్యాలయాన్ని కూడా తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆ తరువాత విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలవలసి వచ్చింది. యుద్ధం ముగిశాకనే తిరిగి వాల్తేరు చేరింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం

1948-49లో భగవంతం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్రీయ అనుసంధాన అధికారిగా పనిచేశాడు. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా, శాఖాధిపతిగా, ప్రయోగశాలల సంచాలకుడుగా చేరాడు.

అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పెద్ద మార్పులకు లోనై ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినప్పుడు ఒక దళం విజయవాడ వైపు నుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా ముందుకు సాగింది. నల్గొండ జిల్లా అప్పటికే తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటానికి కేంద్రంగా ఉంది. ఆ పోరాటం 1951 వరకు సాగింది. సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఉస్మానియాలో బోధనా భాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది.

ఈ మార్పు విద్యార్థులకు రెండు విధాలుగా అనుభవమైంది. ఉర్దూలో భౌతికశాస్త్రం చదివినవారు ఒక్కసారిగా వేరే భాషలోని పుస్తకాలను, పారిభాషిక పదాలను నేర్చుకోవలసి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఉర్దూ చదివిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విద్యార్థికి ఇది మూడవ భాష. మరొకవైపు, ప్రపంచ పరిశోధనా పత్రికలతో నేరుగా సంబంధం ఏర్పడింది. భగవంతం అధిపతిగా వచ్చినది ఇటువంటి సంధికాలంలో. వాల్తేరులో కొత్త శాఖను నిర్మించిన అనుభవం ఇక్కడ ఆయనకు ఉపకరించింది. స్ఫటిక భౌతికశాస్త్రం, అతిధ్వనులు, వర్ణపట శాస్త్రం హైదరాబాదులో కూడా పరిశోధనాంశాలయ్యాయి.

1952లో అలీ యావర్ జంగ్ తరువాత భగవంతం ఉపాధ్యక్ష పదవి స్వీకరించి 1957 వరకు కొనసాగాడు. ఆయన పదవీకాలంలోనే, 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆయన పనిచేసిన రెండు విశ్వవిద్యాలయాలు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. నల్గొండ జిల్లా విద్యార్థులకు ఉస్మానియాయే పైచదువుకు, పరిశోధనకు ప్రధాన ద్వారంగా అర్ధశతాబ్దం పాటు కొనసాగింది. నల్గొండలో ప్రత్యేక విశ్వవిద్యాలయం 2007లో గానీ ఏర్పడలేదు. అది తరువాత మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంగా పేరు పొందింది.

భారతీయ విజ్ఞాన సంస్థ

1957లో భగవంతం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడయ్యాడు. ఒకప్పుడు తన గురువు రామన్ నిర్వహించిన పదవి ఇది. సంస్థ 1909లో, భగవంతం పుట్టిన సంవత్సరంలోనే, స్థాపితమైంది. ఆయన పదవిలో ఉండగానే స్వర్ణోత్సవం జరుపుకున్నది.

ఈ కాలంలో జరిగిన ముఖ్యమైన మార్పు 1958లో సంస్థకు విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా లభించడం. అంతకు ముందు అక్కడ పనిచేసే పరిశోధకులు డాక్టరేటు కావాలంటే వేరే విశ్వవిద్యాలయాలకు సిద్ధాంత వ్యాసం సమర్పించేవారు. కొత్త హోదాతో సంస్థ తానే పట్టాలు ఇవ్వగలిగింది. పరిశోధన జరిగే చోటు, పట్టా ఇచ్చే చోటు ఒకటి కావడంతో దక్షిణ భారత విద్యార్థులకు డాక్టరేటు పరిశోధనలో మరో దారి తెరుచుకున్నది. 1962లో సతీష్ ధావన్ ఈయన స్థానంలో సంచాలకుడయ్యాడు.

రక్షణ పరిశోధన

1961లో డి.ఎస్.కొఠారీ తరువాత రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా నియమితుడై 1969 వరకు ఆ బాధ్యతలో కొనసాగాడు. 1958లో ఏర్పడిన రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డి.ఆర్.డి.ఓ.) కూడా ఆయన ఆధ్వర్యంలో నడిచింది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తానుతో యుద్ధాలు ఈ కాలంలోనే జరిగాయి. చైనా యుద్ధంలో బయటపడిన లోపాలు రక్షణ పరిశోధన విస్తరణకు ప్రేరణ అయ్యాయి. క్షిపణులు, లోహశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ రంగాలకు చెందిన రక్షణ ప్రయోగశాలలు 1960లలో హైదరాబాదులో నెలకొన్నాయి. ఆ నగరం దేశంలోని ప్రధాన రక్షణ పరిశోధనా కేంద్రాలలో ఒకటి కావడానికి అది పునాది.

పరిపాలన బాధ్యతలు పెరిగినకొద్దీ ప్రయోగశాలలో గడిపే సమయం తగ్గింది. అయినా భగవంతం స్ఫటికాలను వదలలేదు. రక్షణ శాఖలో ఉండగానే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై గ్రంథాన్ని వెలువరించాడు. అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవాన్ని కూడా ఈ దశలో పరిశీలించాడు.

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత అభివృద్ధి చెందుతున్న దేశాలలో శాస్త్ర సాంకేతికాలకు సంబంధించిన అంతర్జాతీయ కార్యక్రమాలలో పాల్గొన్నాడు. సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభలలో ఇంగ్లీషులోకి అనువదించే వ్యక్తిగా కూడా ఆయన విస్తృతంగా పరిచితుడయ్యాడు. శాస్త్రవేత్త అయిన వ్యక్తి మహిమలను సమర్థించడాన్ని హేతువాదులు గట్టిగా ప్రశ్నించారు. భక్తులు ఆయనను విజ్ఞానానికీ విశ్వాసానికీ వంతెనగా భావించారు. 1989 ఫిబ్రవరి 6న భగవంతం మరణించాడు.

కట్టడాలలో వెలుగు - కొత్త పరిశోధనలు

భగవంతం తరం పరిశోధించినది పదార్థంపై కాంతి ప్రభావాన్ని. తరువాతి తరాలలో మనిషిపై కాంతి ప్రభావం ఒక ప్రత్యేక పరిశోధనా రంగంగా ఎదిగింది. ఈ రెండింటికీ మధ్య దారి రామన్ జీవితంలోనే కనిపిస్తుంది. ఆయన చివరి దశలో కన్ను రంగులను ఎలా గ్రహిస్తుందన్న విషయంపై పనిచేసి, 1968లో దృష్టి శరీరధర్మాలపై గ్రంథం ప్రచురించాడు.

గదిలోకి పగటిపూట వచ్చే వెలుగులో నేరుగా పడే ఎండ కొంత మాత్రమే. ఆకాశం నుండి చెదిరి వచ్చే కాంతి, గోడలు, నేల, పైకప్పు తిప్పి పంపే కాంతి మిగిలిన భాగం. అందుచేత భవన నిర్మాణంలో వెలుగు సమస్యకు మూలం కాంతి పరిక్షేపణమే. నల్గొండ సమీపంలోని పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం దీనికి మంచి ఉదాహరణ. ఆ మధ్యయుగపు త్రికూటాలయంలో ఒక గర్భగుడి గోడపై స్తంభపు నీడ పగలంతా కదలకుండా కనిపిస్తుంది. సూర్యుడు కదిలినా నీడ కదలకపోవడానికి కారణం, అక్కడికి చేరేది నేరుగా పడే ఎండ కాక, మండపపు ప్రక్కల ఖాళీల నుండి చెదిరి వచ్చే వెలుగు కావడమే. ఖాళీలు కదలవు కనుక నీడా కదలదు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలలో నున్నగా తీర్చిన నల్లరాతి స్తంభాలు తక్కువ వెలుగులోనూ మెరుస్తూ కనిపిస్తాయి. వెలుగును కొలిచే పరికరంతో ఇటువంటి కట్టడాలను అధ్యయనం చేయడానికి చాలా అవకాశం ఉంది.

వెలుగు చూపుకు మాత్రమే కాక, శరీరపు రోజువారీ లయకు కూడా ముఖ్యమని 21వ శతాబ్దపు పరిశోధనలు స్పష్టం చేశాయి. నేత్రపటలంలో కాంతిని గ్రహించే మూడవ రకం కణాలు ఉన్నాయని 2002లో వెల్లడైంది. వీటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. ఈ కణాలు బొమ్మలను చూపడం కన్నా, ఇది పగలా రాత్రా అన్న సమాచారాన్ని మెదడుకు చేరవేయడంలో ముఖ్యమైనవి. రాత్రి ప్రకాశవంతమైన వెలుగు మెలటోనిన్ అనే హార్మోను ఉత్పత్తిని తగ్గించి నిద్రను వెనక్కు నెడుతుంది. జీవగడియారపు అణుస్థాయి పనితీరును కనుగొన్న హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. 1913లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకాశ సంఘం ఈ ప్రభావాన్ని కొలిచే ప్రమాణాన్ని 2018లో ప్రకటించింది.

ఇది పెద్ద నగరాల విషయం మాత్రమే కాదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండే మిర్యాలగూడ ప్రాంతం బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు - విజయవాడ రహదారిపై రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే పట్టణాలు. రాత్రి వేళ పనిచేసేవారికి ఎంత వెలుగు, ఏ రంగు వెలుగు కావాలి, తరగతి గది కిటికీ ఎటువైపు ఉంటే పిల్లల కంటికి శ్రమ తగ్గుతుంది, ఎండను ఆపుతూనే వెలుగును ఎలా లోనికి రానివ్వాలి అన్నవి ఈ పట్టణాలలోనే కొలిచి తేల్చదగిన ప్రశ్నలు.

ఈ రంగంలో డాక్టరేటుకు భౌతికశాస్త్రం, వాస్తుశిల్పం, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, మనోవిజ్ఞానం, వైద్యం వంటి వేర్వేరు దారుల నుండి రావచ్చు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో ఏర్పడ్డాయి. ప్రకాశ ఇంజనీరింగులో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం, భవనాలలో పగటి వెలుగు అధ్యయనంలో రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ, విదేశాలలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన బార్ట్‌లెట్ విభాగం పేరు పొందాయి. సాధారణంగా స్నాతకోత్తర పట్టా, ప్రవేశ పరీక్ష లేదా జాతీయ అర్హత పరీక్ష అవసరమవుతాయి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి పరిశోధనా కాలంలో వేతనం లభిస్తుంది. 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు సాధించినవారు కూడా నేరుగా పీహెచ్.డి.కి దరఖాస్తు చేయవచ్చు.

ప్రాముఖ్యత

భగవంతం కృషిని రెండు భాగాలుగా చూడవచ్చు. మొదటిది ఫోటాన్ స్పిన్, స్ఫటిక కంపనాలు, కాంతిపై ఒత్తిడి ప్రభావం వంటి అంశాలలో ఆయన సాధించిన ఫలితాలు. రెండవది ఆయన నిర్మించిన లేదా విస్తరించిన పరిశోధనా వాతావరణం. పందొమ్మిదేళ్ళ వయసులో పరిశోధన కోసం కలకత్తా వెళ్ళిన యువకుడు, యాభై ఏళ్ళు వచ్చేసరికి వాల్తేరు, హైదరాబాదు, బెంగుళూరులలో మూడు ప్రధాన విద్యాసంస్థలను నడిపించాడు. తరువాతి తరాల తెలుగు విద్యార్థులకు పరిశోధన కోసం అంత దూరం పోవలసిన అగత్యం తగ్గింది. సంస్థలు ఏర్పడినా, మంచి ప్రశ్నను ఎన్నుకుని ఓపికగా కొలిచే విద్యార్థి ఉన్నప్పుడే పరిశోధన సాగుతుందన్నది ఆయన జీవితం నుండి గ్రహించదగిన విషయం.

ముఖ్య గ్రంథాలు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం (ఇంగ్లీషు, 1940)
సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అన్వయం (ఇంగ్లీషు, టి.వెంకటరాయుడుతో కలిసి, 1948)
స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలు (ఇంగ్లీషు, 1966)